బావిలోకి దిగిన నల్ల గీతలు

గద్వాలలో రైలు దిగేటప్పుడు నా చేతిలో ఒక స్టీలు టిఫిన్ డబ్బా ఉంది. విశాఖపట్నంలో బయల్దేరినప్పటి నుంచి దాన్ని ఒళ్లోంచి దించలేదు. రైల్లో పక్క సీటావిడ రెండుసార్లు "తినెయ్యండమ్మా, చల్లారిపోతుంది" అంది. అందులో తినేదేమీ లేదు. బొటనవేలి గోరంత పసుపు ప్లాస్టిక్ ముక్కలు అయిదు, వాటి మీద నల్లటి గీతలు, చుట్టూ తేమను పీల్చే గుళికల పొట్లాలు. అంతే.

ఆ నల్ల గీతల పేరు గ్రాఫీన్. పెన్సిల్ ముల్లులో ఉండే కర్బనమే ఇది కూడా. పెన్సిల్ ముల్లు కాగితాల దొంతర అనుకుంటే, అందులోంచి ఒక్కో కాగితాన్ని విడదీసినంత పలచన. వేడికి కరగని ఒక రకం పసుపు ప్లాస్టిక్ మీద లేజర్ కిరణాన్ని నడిపిస్తే, కిరణం తగిలినంత మేరా అది మాడి గ్రాఫీన్‌గా మారుతుంది. దాని మీద వాయువు వచ్చి వాలితే అందులో పారే కరెంటు కొంచెం మారుతుంది. ఆ మార్పును కొలిస్తే గాలిలో ఏముందో తెలుస్తుంది. నేను వాటిపై సన్నటి వెండి రేణువులు పట్టిస్తాను. వెండి పట్టించినవి, కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్‌ని బాగా పసిగడతాయి. మురుగు గుంటల్లో, పాడుబడ్డ బావుల్లో మనుషుల ప్రాణాలు తీసేది ఎక్కువగా ఆ వాయువే.

ల్యాబులో అవి చక్కగా పనిచేశాయి. ల్యాబు దాటి ఎప్పుడూ బయటికి రాలేదు. ఆ మాట చెప్పేలోపే నా స్నేహితురాలు వసంత ఫోనులో అడిగేసింది. తను నాగర్‌కర్నూల్‌లో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది.

"మా బావగారి పొలంల పాత బావి ఉంది సుధా. బోర్లు ఎండినయ్, బావి పూడిక తీయాలంటుండు. తీసే మనిషి కుర్మయ్య. ఆయన భార్య ఒప్పుకుంటలేదు. రెండేండ్ల కిందట ఆయనతోని పనిచేసేటాయన ఒక బావిల దిగి మల్ల పైకి రాలే. నీ మిషిన్ తెస్తవా?"

తెస్తానని అనేశాను. ఫోను పెట్టిన క్షణం నుంచి భయం పట్టుకుంది. ఒక మనిషి నా గీతల్ని నమ్మి బావిలోకి దిగబోతున్నాడు. అందుకే నేరుగా నాగర్‌కర్నూల్ వెళ్లకుండా ముందు గద్వాలలో దిగాను. అక్కడ నూలుకు రంగులేసే ఇళ్లలో ఆ వాయువు కొంచెంగా వస్తుందని విన్నాను. కొంచెంగా ఉన్నచోట పరీక్షించాకే, ఎక్కువగా ఉన్నచోటికి వెళ్దామని నా ఆలోచన.

గద్వాల

పొద్దున్నే స్టేషన్ బయట ఉగ్గాని తిన్నాను. మేము మరమరాలు అనేవాటిని అక్కడ బొరుగులు అంటారు. వాటిని నీళ్లలో తడిపి పిండి, తాలింపు పెట్టి, వేయించిన పప్పుల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టి ఇచ్చారు. ముప్పై రూపాయలు. మా ఊళ్లో మరమరాలంటే సాయంత్రం బీచిలో పొట్లం కట్టి అమ్మేవే. వాటితో కడుపు నిండా టిఫిన్ చేయొచ్చని నాకు తెలియదు. తింటూ కూడా ఎడమచేత్తో డబ్బాని పట్టుకునే ఉన్నాను.

రంగులేసే ఈరన్న ఇల్లు మగ్గాల చప్పుడు వినిపించే సందులో ఉంది. ఆయనకు యాభై దాటి ఉంటాయి. ముంజేతుల దాకా నీలం. వాకిట్లో కూర్చున్న వాళ్లమ్మ నన్ను చూసి "కూడ్రి, కూడ్రి" అంది. నాకు అర్థంకాక నిలబడే ఉన్నాను.

"కూసోమంటుంది మేడం. మాయమ్మది రాయచూరు దిక్కు. గా మాట ఇంక పోలే" అని ఈరన్న నవ్వాడు.

చీర నూలుకు పట్టు అంచును ఎలా కలుపుతారో ఆయన చూపించబోయాడు. నేను సగమే విన్నాను. నా కళ్లు పొయ్యి మీది రాగి గంగాళం మీదే ఉన్నాయి. నీలి రంగు నూలుకు పట్టడానికి అందులో ఒక తెల్లటి పొడి వేస్తారు. వేయగానే ముక్కుపుటాలు మండే వాసన వచ్చింది. నాకు సంతోషమేసింది. అయిదు ముక్కల్నీ తీగలకు తగిలించి గంగాళం పైన జానెడు ఎత్తులో వేలాడదీశాను. తీగల రెండో కొస ఫోనుకు కలిపాను; తెరమీద వాటి కొలతలు చూపే అయిదు గీతలూ పైకి లేచాయి.

అప్పుడు ఈరన్న కర్రతో నూలు కండెల్ని పైకెత్తాడు. ఆవిరి గుప్పున లేచి అయిదింటినీ కప్పేసింది.

తీసి బయట ఆరబెట్టాను. అరగంట, గంట. గీతలు కిందికి దిగాలి. నాలుగు దిగలేదు. అయిదోది దిగుతూ లేస్తూ తాగినవాడిలా ఊగుతోంది. వెండి ఒక్కసారే ఆ వాయువుతో నిండిపోయింది, పైగా రంగునీళ్ల ఆవిరి పట్టింది. అవి ఇక పనికిరావు. తప్పు నాదే. అంత దగ్గర పెట్టాల్సింది కాదు. ఎల్లుండి ఉదయమే బావి పని.

నేను అరుగు మీద అలాగే కూర్చుండిపోయాను. ఈరన్న చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏమాయె మేడం? పరేషాన్‌గ కూసున్నరు?"

జరిగింది చెప్పాను. మళ్లీ చేయాలంటే లేజర్ కావాలని, అది విశాఖలో ఉందని అన్నాను.

"లేజర్ అంటే చెక్క మీద పేర్లు కాల్చి రాస్తదే, గదేనా?"

"అలాంటిదే."

"గదైతే వనపర్తిల ఉంది. మా అల్లునికి పెండ్లప్పుడు చెక్కమీద బొమ్మ కొట్టించినం. ఖాజా భాయ్ దుకాణం. జర ఆగుండ్రి, నంబరిస్త."

నాకు నమ్మకం కలగలేదు. అయినా పసుపు ప్లాస్టిక్ చుట్ట ఒకటి, వెండి ద్రావణం సీసా ఒకటి పెట్టె అడుగున ఉన్నాయి. రిపేర్లు వస్తాయేమోనని తెచ్చుకున్నవి. మధ్యాహ్నం బస్సెక్కాను. కృష్ణ మీది వంతెన దాటుతున్నప్పుడు అందరూ కిటికీల్లోంచి నదిలోకి చిల్లర విసిరారు. నేనూ ఒక రూపాయి వేశాను. ల్యాబువాళ్లెవరూ చూడరు కదా.

వనపర్తి

ఖాజా భాయ్ దుకాణం నిండా షీల్డులు, కప్పులు, ఇంటి ముందు తగిలించే పేర్ల పలకలు. ఆయన నెమ్మదస్తుడు. నా పసుపు ప్లాస్టిక్‌ను వెలుగుకెత్తి చూసి, వాసన చూసి, తిరిగి నా చేతిలో పెట్టాడు.

"ప్లాస్టిక్ కాలితే పొగ వస్తది. పొగ అద్దానికి పడితే నా మిషిన్ ఖరాబ్. పెండ్లిళ్ల సీజన్ మేడం ఇది."

నేను బతిమాలడం మొదలుపెట్టాను. ఇది ఎందుకని అడిగాడు. బావి గురించి, కుర్మయ్య గురించి చెప్పాను.  ఆయన లేచి దుకాణం వెనక తలుపు తెరిచి, ఫ్యాను అటు తిప్పిపెట్టాడు.

"మా చిన్నాయన గిట్లనే పోయిండు. బావి కాదు, సెప్టిక్ ట్యాంకు. తీయుండ్రి, చూద్దాం."

ఆ మిషిన్‌కు కర్ర కాల్చడం తెలుసు, గ్రాఫీన్ చేయడం తెలియదు. కిరణం బలం ఎక్కువైతే ప్లాస్టిక్‌కు చిల్లు పడింది. తక్కువైతే గోధుమ రంగు మరక మాత్రమే పడింది. వేగం పెంచి, బలం తగ్గించి, మళ్లీ మార్చి చూశాం. ప్రతి ముక్క మీదా మీటరు ముళ్లు పెట్టి కొలుస్తున్నాను.  పదకొండో ముక్కకు మఖ్‌మల్ బట్టలా నల్లటి, మెత్తటి గీత పడింది. మీటరు సరైన అంకె చూపింది. నేను గట్టిగా అరిచాను. చాయ్ తెచ్చినతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

"గింత నలుపు కోసమా మేడం?" అన్నాడు ఖాజా భాయ్. అదే కొలతతో ఆరు ముక్కలు కాల్చి ఇచ్చాడు. ఎంతివ్వాలంటే ఒక షీల్డు ధర తీసుకున్నాడు.

లాడ్జి గదిలో వాటిని వెండి ద్రావణంలో ముంచి, బల్బు కింద ఆరబెట్టి, తీగలు అంటించాను. ఇక పరీక్షించాలి. వాయువు సిలిండర్ లేదు. మర్నాడు పొద్దున్నే గుడ్ల దుకాణానికి వెళ్లి మురిగిన గుడ్లున్నాయా అని అడిగాను.

దుకాణంలో ఆమె నన్ను పైకీ కిందికీ చూసింది. "మంచియి ఇస్తమమ్మా. మా దుకాణంల మురిగినయి అమ్మం."

"నాకు మురిగినవే కావాలండీ."

"మందుకా?"

అవునన్నాను. పగిలి మురిగిపోయి, పారేయడానికి పక్కన పెట్టిన రెండిచ్చింది. డబ్బు తీసుకోలేదు. "మీ దిక్కు గిట్లనే తింటరా?" అని వెనక నుంచి అడిగింది.

గదిలో బకెట్ బోర్లించి, దాని లోపల కింద గుడ్లు, పైభాగాన సెన్సార్లు పెట్టాను. ఆరింట్లో మూడు వెంటనే లేచాయి, బకెట్ ఎత్తగానే దిగాయి. మిగతా మూడు బద్ధకంగా ఉన్నాయి. మంచివి మూడు తీసుకున్నాను. మూడంటే మూడే. వాటిలో రెండు తప్పు చెబితే? మూడూ ఒకేసారి తప్పు చెబితే? ఆ ఆలోచనతోనే గోపాల్‌పేట మీదుగా నాగర్‌కర్నూల్ బస్సెక్కాను. దారిపొడవునా ఎండిన చేలు, బండరాళ్ల గుట్టలు. పక్కన కూర్చున్న ముసలాయన మా ఊళ్లో బావులెంత లోతని అడిగాడు. పదిహేను అడుగుల్లో నీళ్లు పడతాయన్నాను. ఆయన నావైపు కాసేపు చూసి, "అదృష్టమంతులు" అని మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

నాగర్‌కర్నూల్

ఆ సాయంత్రం వసంత ఇంట్లో జొన్నరొట్టె, పుంటికూర. మేము గోంగూర అంటాం, అదే ఆకు. మాకు పచ్చడి కావాలి, వీళ్లకు పప్పులో ఉడకాలి. వసంత వాళ్లత్తగారు రొట్టెను రెండు అరచేతుల మధ్యే తట్టి వెడల్పు చేస్తుంటే చూస్తూ కూర్చున్నాను. "తినవేంది బిడ్డ, దేవులాడుతున్నవ్?" అంది, ఏదో వెతుక్కునేదానిలా ఉన్నానని. రొట్టె ముక్క చేతిలోనే ఉంది.

పొద్దున వసంత, వాళ్ల బావగారు, నేను ఆటోలో పొలానికి వెళ్లాం. బావి చతురస్రంగా, రాతి కట్టుతో, లోపలికి రాతి మెట్లతో ఉంది. ముప్పై అడుగుల లోతుంటుంది. అడుగున మోకాల్లోతు నీళ్లు, వాటి కింద ఏళ్ల తరబడి రాలిన ఆకులు, చెత్త, బురద. గట్టు మీద గిలక బిగించి ఉంది. కుర్మయ్య నలభై అయిదేళ్ల మనిషి, ఎండుకట్టెలా ఉన్నాడు. అతని బామ్మర్ది నర్సింలు, ఇద్దరు కూలీలు తాడు పట్టుకోవడానికి వచ్చారు. కొంచెం దూరంగా కుర్మయ్య భార్య చెన్నమ్మ నిలబడి ఉంది.

ముందు వాళ్ల పద్ధతి ప్రకారం లాంతరు దించారు. అడుగు దాకా వెలుగుతూనే ఉంది.

"చూసినవా, దీపం ఆరలే. గాలి మంచిగుంది" అన్నాడు కుర్మయ్య.

ఈ వాయువుకు దీపం ఆరదని చెప్పాను. ఎక్కువైతే వాసన కూడా తెలియదని, ముక్కు మొద్దుబారిపోతుందని చెప్పాను. తర్వాత నా మూడు సెన్సార్లను తీగమీద దించాను. పది నిమిషాలు చూశాను. గీతలు కదల్లేదు.

"ఇప్పుడైతే ఏమీ కనిపించడం లేదు. కానీ బురద కదిపితే రావచ్చు" అన్నాను.

"అయితే దిగుత."

"నడుముకు, భుజాలకు తాడు కట్టుకోండి. ఏదైనా అయితే పైనుంచి లాగడానికి. ఇంకొకటి. ఏమైనా సరే, ఇంకెవరూ కిందికి దిగకూడదు."

"తాడుంటే పని సాగదమ్మా. కాళ్లకు పడతది."

చెన్నమ్మ అప్పుడు దగ్గరికొచ్చింది. ఎవరినీ అడగలేదు. తాడు తీసుకుని తానే అతని చంకల కిందనుంచి చుట్టి, వీపు మీద మూడు ముడులు వేసింది. అతను చేతులెత్తి నిలబడ్డాడు.

అతను దిగాడు. సెన్సార్లు అతని తలకు మూరెడు పైన వేలాడుతున్నాయి. నేను గట్టు మీద బోర్లా పడుకుని ఒక కన్ను ఫోనుమీద, ఒక కన్ను బావిలో పెట్టాను. ఒక బుట్ట పైకి వచ్చింది. రెండు. మూడు. నల్లటి బురద, దాని మీద కుళ్లిన ఆకులు. గీతలు కదల్లేదు. నాలుగో బుట్ట తర్వాత అతను అడుగున అట్టకట్టిన పొరమీద గడ్డపారతో పొడిచాడు. నీళ్లలో బుడగలు లేచాయి.

మొదటి గీత కదిలింది.

ఇక్కడ నేను నిజం రాయాలి. నేను వెంటనే అరవలేదు. నీళ్లు చిందాయేమో అనుకున్నాను. తేమకు కూడా గీత లేస్తుంది, గద్వాలలో చూశాను. ఊరికే అరిస్తే తర్వాత నన్ను నమ్మరని అనుకున్నాను. రెండో గీత లేచింది. మూడోది కదలకుండా ఉంది. అది లేస్తేనే అరవాలని ఎందుకనుకున్నానో ఇప్పటికీ నాకు తెలియదు. కింద కుర్మయ్య మళ్లీ పొడిచాడు.

మూడో గీత నిట్టనిలువుగా లేచింది.

"లాగండి! పైకి లాగండి!"

నర్సింలు నావైపు చూశాడు. "వాసనే వస్తలేదు కదమ్మా?" బావిలోకి వంగి, "బావా, మంచిగున్నవా?" అని అరిచాడు.

"ఆఁ, ఇంకొక్క బుట్ట..." అని కిందనుంచి వినిపించింది. తర్వాతి మాట వినిపించలేదు. గడ్డపార నీళ్లలో పడిన చప్పుడైంది. కుర్మయ్య మోకాళ్ల మీద కూలబడి, పక్కకు ఒరిగిపోతున్నాడు.

ముగ్గురూ తాడు లాగారు. గిలక కీచుమంది. వసంత, వాళ్ల బావగారు, నేను, చెన్నమ్మ అందరం తాడుకు పడ్డాం. ఒక కూలీ తాడు వదిలి మెట్టు మీద కాలు పెట్టబోయాడు. వద్దని ఎంత గట్టిగా అరిచానంటే గొంతు రెండు రోజులు బొంగురుగానే ఉంది. కుర్మయ్య తడి గోనెసంచిలా పైకి వచ్చాడు. తల ఛాతీమీదికి వాలిపోయింది. గాలి వచ్చేవైపు మోసుకుపోయి పక్కకు తిప్పి పడుకోబెట్టాం. పెదవులు నీలంగా ఉన్నాయి. ఊపిరి ఉంది. తెగిపోతూ తెగిపోతూ ఉంది. మేమొచ్చిన ఆటోలోనే దవాఖానకు బయల్దేరాం; చెన్నమ్మ అతని తలను ఒళ్లో పెట్టుకుని, నోరు మూతపడకుండా దవడను చేత్తో పట్టుకుని కూర్చుంది.  నేను ఎదుటి సీట్లో కూర్చుని అతని ఛాతీ లేస్తోందా లేదా అని చూస్తూనే ఉన్నాను.

దవాఖాన

ఆక్సిజన్ పెట్టారు. మధ్యాహ్నానికి వాంతి చేసుకుని కళ్లు తెరిచాడు. ముందు అడిగింది గడ్డపార గురించి. "అది మా నాయినది, బావిలనే ఉన్నదా?" అన్నాడు. ఊపిరితిత్తుల్లోకి నీళ్లు చేరే ప్రమాదముందని, రెండు రోజులు ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. ఆ రెండు రోజులూ నేను అక్కడే ఉన్నాను. రైలు టికెట్ మార్చుకున్నాను.

రెండో రోజు సాయంత్రం వరండాలో చెన్నమ్మ పక్కన కూర్చున్నాను. ఆమె నాకు అరటిపండు ఒలిచి ఇచ్చింది. ఇక ఆగలేకపోయాను. ఫోను తీసి మూడు గీతలూ చూపించాను. మొదటిది లేచింది ఎక్కడ, మూడోది లేచి నేను అరిచింది ఎక్కడ అన్నది అందులో ఉంది.

"ఇక్కడే నాకు తెలిసింది. ఇక్కడ అరిచాను. నలభై సెకన్లు ఆగాను అక్కా."

"ఎందుకాగినవ్?"

"తప్పేమోనని భయపడ్డాను."

ఆమె తెరను చాలాసేపు చూసింది. వేలితో ఆ రెండు చోట్ల మధ్య ఖాళీని తడిమింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మల్లోసారి ఆగకు" అంది.

"మళ్లీ దిగుతాడా?"

"దిగకపోతే ఏం తింటం? బావి పని దప్ప ఆయనకింకోటి తెల్వదు. గా నల్లగీతలవి ఇక్కడ ఇడ్సిపో."

వదిలి వెళ్లడానికి నాకు ధైర్యం చాలలేదు. అవి ఇప్పటికే వాయువు పట్టి మొద్దుబారాయని, కొత్తవి ఇచ్చినా ఒకసారి వాయువు గట్టిగా తగిలితే పనికిరావని, తగలకున్నా గాలి తేమకు వారంలోనే పాడవుతాయని చెప్పాను. నమ్మి మోసపోతారని కూడా చెప్పాను. పెద్ద ఫ్యానుతో ముందు బావిలోకి గాలి కొట్టాలని, తాడు లేకుండా దిగొద్దని, అసలు మనిషి దిగకుండా పైనుంచి మిషిన్‌తో తీయిస్తే అన్నిటికన్నా మేలని చెప్పాను. ఆమె అన్నిటికీ తలూపింది.

"ఫ్యాను కిరాయికి తెస్తం. తాడు నేనే కడ్త. ఇగ నీయి వారమే పనిచేస్తయంటివి గద?"

"అవును."

"అయితే వారానికొకటి పంపు."

విశాఖ చేరాక ల్యాబులో మొదటి పని అదే చేశాను. ఆరు ముక్కలు కాల్చి, వెండి పట్టించి, ఆరింటినీ పరీక్షించాను. మూడు మంచివి తీసి, ఫోనుకు కలిపే తీగలతో, తేమ పీల్చే గుళికలతో సహా కొరియర్‌లో నర్సింలు పేరుమీద పంపాను. వాళ్లలో చదవగలిగేది అతనొక్కడే. పొట్లం మీది మాటను చెన్నమ్మకు ఫోను చేసి నోటితో కూడా చెప్పాను. ఎర్ర ఇంకుతో పెద్ద అక్షరాల్లో రాసిన ఆ మాట ఇది: మూడింట్లో ఒక్కటి కదిలినా, ముందు మనిషిని పైకి లాగండి. తప్పో ఒప్పో తర్వాత నేను చూస్తాను.